నాలుగు గంటల ముందు

ముప్పై ఆరో వారం.
దూది చుట్టిన పుల్ల ఒకటి,
రోంత సేపు, నొప్పి లేకుండా.
రెండు రోజులకు కాగితం వచ్చింది.
పేరు ఇంగ్లీషులో బారుగా ఉండాది,
కింద ఒక్క మాట మాత్రం నాకు తెలిసింది:
పాజిటివ్.

కరోనా యేడు ఆ మాటనే
మా తలుపుకు అంటించి పోయినారు.
పాలాయన చెంబు గేటు బయటే దించి
వెనక్కి చూడకుండా పోయినాడు.
అందుకే ఆసుపత్రి బెంచీ మీద
పక్కనామెకు దూరంగా జరిగి కూచున్నా.

డాక్టర్ పర్వీనమ్మ నవ్వలేదు, కసరలేదు.
"ఎవరో అంటించింది కాదు ఇది,
మీ ఆయన్ని నిలదీసే పని లేదు.
చాలామంది ఆడవాళ్ల లోపల ఊరికే ఉంటుంది,
వస్తుంటుంది, పోతుంటుంది.
బిడ్డ వచ్చే దారిలో ఉంది కాబట్టి చెప్తున్నా.
నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా
ఈ పొద్దుకు వంట కానిచ్చి వస్తానని కూచోవద్దు.
బిడ్డకంటే నాలుగు గంటల ముందు
మందు నీ నరంలోకి ఎక్కాలి."

నాలుగు గంటలు.
తాడిపత్రి నుంచి అనంతపురం గంటన్నర.
ముందర రాళ్ల లారీ పడితే
దాని బుద్ధి పుట్టినప్పుడే దారి.

నేను రాయి ఎంచే మనిషిని.
పాలిష్ ఫ్యాక్టరీలో పదకొండేండ్లు.
పొడిరాయిలో ఏమీ కనపడదు,
నీళ్లు చల్లితే చార బయటపడుతుంది.
చార ఉండాదని నాపరాయిని ఎవరూ పారేయరు,
సుద్దతో గీత గీసి
కోసేవానికి చెబుతాం: ఈడ నిదానం.
ఈ కాగితమూ అంతేలే అనుకున్నా.
అనుకుంటే చాలదు గదా,
చేతులు మాత్రం వణుకుతానే ఉన్నాయి.

ఇంట్లో చెబితే మా అత్త ఓబుళమ్మ
అలసందకాయలు ఒలిచేది ఆపింది.
"ఆ కాగితం ఇంకోసారి చదువు మేయ్."
చదివినా. పేరు దగ్గర నాలుక తట్టుకుంది.
ఆమె చానాసేపు చాట వంకే చూసింది.

"నా నడిపి బిడ్డ మూడోనాడు పాలు పట్టలే.
ఒళ్లు కాలిపోయి, మూలిగి మూలిగి
తెల్లారేలోపల సల్లబడింది.
గ్రహణం పూట కత్తిపీట ముట్టినావన్నారు.
నేను కోసింది ఒక్క వంకాయ మేయ్.
ముప్పై నాలుగేండ్లు
ఆ వంకాయనే కోస్తాండా."

ఇదేనేమో, అని అడిగింది.
తెలీదత్తా, అన్నా.
తెలీదు.
ఆ పొద్దు పుల్లతో చూసినోళ్లు లేరు,
కాగితం లేదు,
ఆ బిడ్డకు పేరే పెట్టలేదు.

మరుసటి పొద్దున సంచి ఆమే సర్దింది.
పాతచీర గుడ్డలు, ప్లాస్కు, ఆధార్ కార్డు,
అన్నిటికీ పైన ఆ కాగితం.
ఆటో సుంకన్న నంబరు గోడ మీద బొగ్గుతో రాయించింది.
చదువు రాని మనిషి
ఊళ్లకు పోయే బస్సు నంబర్లు పట్టుకున్నట్ల
మూడక్షరాలు పట్టుకుంది.
పొయ్యి ముందర, బోరింగు కాడ
పెదాలు కదులుతాండేవి: జీ, బీ, యస్.

నీళ్లు పోయింది రాత్రి ఒంటిగంటకు.
మా ఆయన చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.
లారీ ఒకటి అడ్డం పడింది, పోయింది.
ఆసుపత్రి మెట్ల కాడ నేను నోరు తెరిచేలోపలే
అత్త నర్సు చెయ్యి పట్టుకుంది:
"జీబీయస్. పాజిటివ్. నాలుగు గంటలు."
నర్సు ఆగి చూసింది.
మణికట్టు మీద చిన్న సూదితో పరీక్ష చేసి, కాచుకొని,
సీసా తగిలించింది.

చుక్క. చుక్క.
నేను అరుస్తాండా.
ఆమె నా తల పట్టుకోలే,
సీసాను, గడియారాన్ని, సీసాను చూస్తా నిలబడింది.

ఆరు గంటలా పది నిమిషాలకు
బిడ్డ వచ్చింది.

రెండు రోజులు జ్వరం చూసినారు, ఊపిరి లెక్కపెట్టినారు.
బాగుందన్నారు.
ఆమె మాత్రం మూడో రాత్రి పండుకోలే.
బిడ్డ గుటక గుటకకూ చెవి దగ్గర పెట్టి వినింది,
రాయిని వేలితో కొట్టి నేను విన్నట్ల.
కిటికీలో వెలుతురు పడినాక
కొంగుతో ముక్కు తుడుచుకొని అనింది:
"తాగుతాండాది మేయ్.
ఇంగ నువ్వు పండుకో.
నేను పోయి వంకాయకూర చేసుకొస్తా."